నౌకలో స్మార్ట్ క్యాజువల్‌కు సూటు అక్కరలేదు, బూట్లు కావాలి

అమ్మానాన్నలను మొదటిసారి నౌకా విహారానికి పంపుతున్నామని, టికెట్టు కాగితాలలో ‘సాయంత్రం స్మార్ట్ క్యాజువల్’ (అంటే మరీ లాంఛనంగా కాకపోయినా చక్కగా కనబడే బట్టలు) అని రాసి ఉన్నదని, నాన్నకు సూటు కుట్టించాలా, అమ్మకు చీర పనికి వస్తుందా అని మీరు అడిగారు. సూటు కుట్టించకండి. చీర నిక్షేపంగా పనికి వస్తుంది. ఈ రెండు మాటలతో జవాబు ముగించవచ్చును గాని, నేను ఒక విందు గది తలుపు దాకా వెళ్లి వెనుదిరిగిన వాడిని గనుక కొంత వివరంగా చెప్పే హక్కు నాకున్నదని అనుకుంటున్నాను.

నేను నల్లగొండలో ముప్పై ఏళ్లు ఇంటర్మీడియెట్ పిల్లలకు పాఠాలు చెప్పి విరమించిన వాడిని. కొడుకు, కోడలు సింగపూర్‌లో ఉంటారు. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు మమ్మల్ని నాలుగు రాత్రుల నౌకా ప్రయాణానికి తీసుకెళ్లారు; మెరీనా బే దగ్గర ఎక్కించి, పెనాంగ్, ఫుకెట్ చూపించి మళ్లీ అక్కడనే దింపే ప్రయాణం అది. అంతకు ముందు నేను ఎక్కిన అతి పెద్ద పడవ నాగార్జునసాగర్ నుండి నాగార్జునకొండకు పోయే లాంచీ. ఆ లాంచీలో ఎవరూ ఎవరి బట్టలనూ చూడరు, గాలికి తలమీది తువ్వాల ఎగిరిపోకుండా చూసుకుంటే చాలు.

కొడుకు నా కోసం ముందుగానే ‘నౌక బట్టలు’ కొని పెట్టాడు. మోకాలికి జానెడు కిందికి దిగే ఒక త్రీఫోర్త్, కాలరు లేని, ఛాతీ మీద లంగరు బొమ్మ ఉన్న ఒక టీషర్టు, వేళ్ల సందున పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు. జీవితమంతా అంగీ లోపలికి దోపుకొని పాఠం చెప్పిన వాడిని అవి వేసుకొని అద్దంలో చూసుకుంటే నాకే నవ్వొచ్చింది, కాని కొడుకు ముచ్చట పడ్డాడని ఊరుకున్నాను. మధ్యాహ్నం నౌక ఎక్కిన తరువాత పైన ఈతకొలను దగ్గర చూస్తే అందరూ ఆ తీరుగనే ఉన్నారు, నేనూ వాళ్లలో కలిసిపోయాను.

పొరపాటు అక్కడనే జరిగింది. నౌకలో పగలు ఒక దేశం, సాయంత్రం మరొక దేశం. ఆరు గంటలకు మేము నలుగురం కింది అంతస్తులోని పెద్ద భోజనశాలకు వెళ్లాము. తలుపు దగ్గర నల్ల కోటు వేసుకున్న ఒక యువకుడు నిలబడి వచ్చిన వారందరికీ నవ్వుతూ స్వాగతం చెబుతున్నాడు. కాటన్ చీర కట్టుకున్న నా భార్యకు తల వంచి మరీ దారి ఇచ్చాడు. నా వంతు వచ్చేసరికి అతని చూపు నా ముఖం మీద ఒక్క క్షణం ఆగి, అక్కడి నుండి లంగరు బొమ్మ మీదికి, త్రీఫోర్త్ అంచు మీదికి, చివరకు నా పది కాలివేళ్ల మీదికి దిగి, వాటి దగ్గరనే నిలిచిపోయింది. పై అంతస్తులో బఫే తెరిచే ఉన్నదని, అక్కడైతే నాకు మరింత సౌకర్యంగా ఉంటుందని అతడు ఎంతో మర్యాదగా చెప్పాడు. అది సలహా కాదు, లోపలికి రావద్దని చెప్పడమేనని నాకు అర్థం కావడానికి అర నిమిషం పట్టింది.

“సారీ నాయినా, పగలంతా అందరు గిట్లనే తిరిగిన్రు గదా అనుకున్న” అని కొడుకు తల గోక్కున్నాడు. వాడు కూడా నిక్కరులోనే ఉన్నాడు గనుక వాడికీ ప్రవేశం లేకపోయింది. నా భార్య మాత్రం అప్పటికే రెండడుగులు లోపలికి వేసింది. “మీరిద్దరు పైకి వోయి తినున్రి, నేనూ కోడలూ గీడనే తింటం” అని వెనక్కి కూడా తిరగకుండా వెళ్లిపోయింది. నలభై ఏళ్ల కాపురంలో నన్ను ఒక తలుపు బయట వదిలి ఆమె భోజనానికి కూర్చోవడం అదే మొదలు.

వెంటనే గదికి పోయి బట్టలు మార్చుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మార్చుకోవడానికి బట్టలు ఉంటే కదా! నౌక ఎక్కే ముందే పెద్ద పెట్టెలకు చీటీలు కట్టించి తీసుకుంటారు, వాటిని సిబ్బంది ఒక్కొక్క గది ముందుకు చేర్చేసరికి సాయంత్రం దాటుతుంది. నా మంచి అంగీలు, ప్యాంట్లు, బూట్లు అన్నీ ఆ పెట్టెలోనే ఉండిపోయాయి. పైన ప్లేటు పట్టుకొని వరుసలో నిలబడి తిని, ఏడుంబావుకు గదికి వస్తే పెట్టె తలుపు ముందు నన్నే చూస్తున్నట్టు నిలబడి ఉంది. అందుకని మీ నాన్నగారి కోసం ముందుగా చేయవలసిన పని ఇది: మొదటి రోజు సాయంత్రానికి కావలసిన ఒక అంగీ, ఒక ప్యాంటు చేతి సంచిలోనే పెట్టండి, బూట్లు కాళ్లకు వేసి పంపండి. ఏ ట్రావెల్స్ వారూ ఈ మాట చెప్పరు. వారు వాట్సాప్‌లో పంపే చిట్టాలో ‘సూట్ తప్పనిసరి’ అని మాత్రం పెద్ద అక్షరాలలో ఉంటుంది.

నేను చేసింది ఒకే ఒక్క ప్రయాణమైనా, నాలుగు రాత్రులూ ఆ తలుపు పక్కనున్న సోఫాలో కూర్చొని ఎవరిని పంపుతున్నారో, ఎవరిని ఆపుతున్నారో గమనించాను గనుక ధైర్యంగా చెబుతున్నాను. వాళ్లు ఖరీదు చూడరు, కంపెనీ పేరు చూడరు. మగవారికైతే మెడ దగ్గర కాలరు, మడమ దాకా ప్యాంటు, వేళ్లు కనబడని బూట్లు ఉంటే చాలు, టై లేకపోయినా కోటు లేకపోయినా ఒక్క మాట అనరు. చిరుగులు లేని ముదురు నీలం జీన్సు వేసుకున్న వారు హాయిగా లోపలికి వెళ్లారు. తలమీది టోపీ తీసేయమని ఒకాయనకు చెప్పారు. చేతులు లేని బనీను వంటిది వేసుకున్న ఒక బలమైన యువకుడిని ఆపారు గాని, చేతులు లేని గౌను వేసుకున్న అమ్మాయిని ఆపలేదు. ఇందులోని న్యాయం నాకు ఇప్పటికీ బోధపడలేదు. ఆడవారి విషయంలో ఈత దుస్తులు, మరీ పొట్టి నిక్కర్లు తప్ప దాదాపు అన్నీ చెల్లుతాయి. పంజాబీ డ్రెస్సు, చీర అయితే ప్రశ్నే లేదు.

ఈ బట్టల నియమానికి పెట్టే పేరు మాత్రం ఒక్కొక్క నౌకా కంపెనీకి ఒక్కొక్క తీరుగా ఉంటుంది. కార్నివాల్ వారు మామూలు సాయంత్రాలను ‘క్రూజ్ క్యాజువల్’ అంటారు, సెలబ్రిటీ వారు ముస్తాబు రాత్రిని, అంటే అందరూ గొప్పగా తయారై భోజనానికి వచ్చే రాత్రిని, ‘ఈవెనింగ్ షిక్’ అంటారు, నార్వేజియన్ వారు ముస్తాబు రాత్రి ఎవరికీ తప్పనిసరి కాదంటారు. కునార్డ్ నౌకలలో మాత్రం పాత పద్ధతి ఎక్కువ. సాయంత్రం ఆరు దాటితే చక్కగా తయారై ఉండాలి, గాలా రాత్రులు అనే ముస్తాబు రాత్రులలో నల్ల సూటు వంటివి అడుగుతారు, అయితే వాటి స్థానంలో ఎవరి దేశపు సంప్రదాయ దుస్తులనైనా అంగీకరిస్తారు. మీ వాళ్లది ఏ నౌకైనా, ఏ సాయంత్రం ఎటువంటి బట్టలో చెప్పే కాగితం ముందు రాత్రే గదికి వస్తుంది, లేదా ఫోన్‌లోని యాప్‌లో కనబడుతుంది. అది చదవమని చెప్పండి.

ఇక సూటు సంగతి. కొడుకు పెళ్లి రిసెప్షన్‌కు నాకూ ఒకటి కుట్టించారు. మే నెల, నల్లగొండ, నలభై నాలుగు డిగ్రీలు, ఫంక్షన్ హాలులో రెండు కూలర్లు, అవి కూడా ఫొటోగ్రాఫర్ వైపు తిప్పి ఉన్నాయి. మూడు గంటలు ఆ కోటులో నిలబడి చేతులు జోడించిన తరువాత, ఇంటికి వచ్చి కోటు విప్పితే లోపలి గుడ్డ పిండుకోవచ్చు. ఆ నాటి నుండి అది బీరువాలో నాఫ్తలిన్ గోళీలతో కాపురం చేస్తున్నది. మన దగ్గర వేడుక అనగానే మగవాడిని సూటులో బిగించాలన్న ఆచారం ఎవరు పెట్టారో గాని, నేత బట్టకు పేరుపడ్డ ప్రాంతంలో ఉండి చలి దేశపు కోటును అరువు తెచ్చుకోవడం కంటే వింత ఇంకొకటి లేదు. మీ నాన్నగారికి ఆ డబ్బుతో పోచంపల్లి ఇక్కత్ అర చేతుల అంగీలు మూడు తీసుకోండి, ముదురు రంగు ప్యాంటు మీద అవి వేసుకుంటే ఏ స్మార్ట్ క్యాజువల్ తలుపూ ఆపదు. రెండవ సాయంత్రం నేను వేసుకున్నది అదే. ముందు రోజు నన్ను ఆపిన యువకుడే, నన్ను గుర్తు పట్టి కూడా పట్టనట్టు, కుర్చీ దాకా తీసుకెళ్లి కూర్చోబెట్టాడు.

ఆ రాత్రి మా బల్ల దగ్గర ఆస్ట్రేలియా నుండి వచ్చిన వృద్ధ దంపతులు కూర్చున్నారు. ఆమె చాలాసేపు నా భార్య చీర కొంగు వైపే చూసి, చివరకు అది అచ్చు వేసిన బట్టనా అని అడిగింది. నా భార్య ఇక్కత్ నేతకు పేరుపడ్డ పుట్టపాకలో పుట్టింది. ఆ ప్రశ్న ఆమెకు ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. ఏమీ మాట్లాడకుండా కొంగును తిరగేసి చూపించింది. ముందు వైపు ఎంత రంగు ఉన్నదో వెనుక వైపు కూడా అంతే రంగు, అదే పువ్వు, అదే అంచు. “నేసినంక అద్దింది గాదు, అద్దినంక నేసింది అని చెప్పున్రి” అన్నది నాతో. దారాన్ని ముందే కొలిచి, కట్లు కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పి, మళ్లీ కట్టి మరొక రంగులో ముంచి, ఆ తరువాతనే మగ్గం మీదికి ఎక్కిస్తారని, అందుకే పువ్వు అంచులు నీళ్లలో తడిసినట్టు కొంచెం చెదిరి ఉంటాయని నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పడానికి సూపు చల్లారిపోయింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, నూనె పట్టించిన దారంతో నేసే పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిందని కూడా చెప్పాను, అడగకపోయినా. మీరు కొనేటప్పుడు కూడా ఈ తిరగేసే పరీక్ష చేయండి. వెనుక వైపు రంగు వెలిసినట్టు తెల్లగా ఉంటే అది మర మీద అచ్చు వేసిన నకలు, రోడ్డు పక్క దుకాణాలలో దాన్నే పోచంపల్లి అని నిస్సంకోచంగా అమ్ముతున్నారు.

కాటన్ చీరతో ఉన్న చిక్కు ఒక్కటే, ముడతలు. అగ్ని ప్రమాదం భయంతో గదులలో ఇస్త్రీ పెట్టె వాడనివ్వరు, తీసుకుపోతే తనిఖీలో పక్కన పెడతారు. నౌకలోని ఇస్త్రీకి వాళ్లు అడిగే డబ్బు వింటే మన వీధి చివరి ఇస్త్రీ బండి ఆయన మీద గౌరవం పెరుగుతుంది. నా భార్య చీరను పొడవునా నాలుగు మడతలు పెట్టి, రాత్రి పరుపు కింద పరిచి, దాని మీద పడుకొని లేచింది. తెల్లవారేసరికి గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్టు వచ్చింది. భోజనశాలలో ఏసీ చలి ఎక్కువగా ఉంటుంది గనుక అమ్మగారికి ఒక శాలువా కూడా పెట్టండి.

చివరి రాత్రికి ముందు రోజు ముస్తాబు రాత్రి అన్నారు. కొడుకు సూటు అద్దెకు తెస్తానన్నాడు. నేను చెరువుగట్టు జాతరకు కట్టుకునే జరీ అంచు తెల్ల ధోతి, లాల్చీ, కండువా తీశాను. చూడటానికి బాగానే ఉన్నది, ఫొటోలు కూడా దిగాము, కాని నౌక కొంచెం ఊగుతున్నప్పుడు మెట్లు దిగుతుంటే కుచ్చెళ్లు కాలి కింద పడి నేను రెండుసార్లు కోడలి భుజం పట్టుకోవలసి వచ్చింది. పైగా ధోతి కిందికి బూట్లు వేసుకోవడానికి మనసొప్పక తోలు చెప్పులు వేసుకున్నాను. ఆ యువకుడు మళ్లీ నా కాళ్ల వైపు చూశాడు. ఈసారి కొంచెం ఎక్కువసేపే చూసి, పక్కనున్న పెద్దాయనతో ఏదో గుసగుసలాడి, ఆ తరువాత తలుపు తీశాడు. మీ నాన్నగారికి ధోతి అలవాటు ఉంటే తప్పక పెట్టండి గాని, మెట్ల మీద కాకుండా లిఫ్టులో దిగమనండి.

కాబట్టి ఖర్చు చేయదలచుకుంటే బూట్ల మీద చేయండి. మన వైపు పెద్దవారు ఏడాదిలో పది నెలలు చెప్పులలోనే తిరుగుతారు, ప్రయాణం ముందు రోజు కొన్న కొత్త బూటు మడమను కోసేస్తుంది, రెండవ రోజుకే మళ్లీ చెప్పులలోకి దిగుతారు, మళ్లీ తలుపు దగ్గర ఆగుతారు. లేసులు లేని మెత్తటి నల్ల బూట్లు కొని, బయలుదేరడానికి పదిహేను రోజుల ముందు నుండే సాయంత్రాలు వాటితో నడవమని చెప్పండి. నా త్రీఫోర్త్ ఇప్పుడు బత్తాయి తోటలో పాదులు తీసేటప్పుడు బాగా పనికి వస్తున్నది.