రాత్రిపూట కూడా ఒకసారి వెళ్లు

అమ్మా,

సముద్రంలో పెట్టబోయే గాలిమరల వల్ల తీరం, దాని వెనకున్న పల్లెలు ఎలా మారతాయో అంచనా వేసే పని నీకు అప్పగించారని విని చాలా సంతోషించాను. ఈ పనిలో నాకు తెలిసినవి కొన్ని రాస్తున్నాను.

మరలు ఎక్కడెక్కడి నుంచి కనిపిస్తాయన్నది ఒక ప్రశ్న. ఆ చోటు ఇకమీదట ఎలాంటి చోటు అవుతుందన్నది వేరే ప్రశ్న. బ్రిటన్‌లో 2013లో వచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ రెండింటినీ విడివిడిగా తూచమంటాయి. మొదటిది కంప్యూటర్ మ్యాపులో తేలిపోతుంది కాబట్టి చాలామంది రెండోదీ అయిపోయిందనుకుంటారు. నువ్వు అలా అనుకోకు. కనుచూపు మేరలో మనిషి కట్టినదేదీ లేని తీరానికి ఆ ఖాళీయే ఆస్తి. అవే మరలు క్రేన్లు, ఓడలు కిక్కిరిసిన రేవు ముందు నిలబడితే అంత తేడా రాదు.

దూరాన్ని నమ్ముకోకు. ఇసుకలో నిలబడ్డ మనిషికి దిగంతం దాదాపు 4.5 కిలోమీటర్లే. అయినా 20 కిలోమీటర్ల అవతల ఉన్న 200 మీటర్ల మరలో అడుగున సుమారు 20 మీటర్లే నీళ్ల చాటున పోతుంది. అదే 100 మీటర్ల కొండ ఎక్కితే దిగంతం 35 కిలోమీటర్లు దాటుతుంది, మర మొదలంటా కనిపిస్తుంది. అందుకే ఒక్క బీచ్ ఫొటోతో సరిపెట్టకు. ఫొటోమాంటేజ్, అంటే మరలు కట్టాక ఆ చోటు ఎలా ఉంటుందో ఫొటోలో కలిపి చూపే చిత్రం, దాని ప్రింటు తీసుకుని అదే చోటికి వెళ్లి, దాని మీద చెప్పిన దూరంలో పట్టుకుని చూడు. చిన్న సైజులో అచ్చు వేస్తే పెద్ద మార్పు కూడా చిన్నదిగా కనిపిస్తుంది.

వెలుగు కూడా ముఖ్యం. సూర్యుడు నీ వెనక ఉంటే మరలు తెల్లగా మెరుస్తాయి, వాటి వెనక ఉంటే నల్లని గీతల్లా నిలుస్తాయి. రాత్రి విమానాల కోసం ఎర్ర దీపాలు వెలుగుతాయి. నక్షత్రాలు తప్ప వేరే వెలుగు లేని పల్లెకు అది చాలా పెద్ద మార్పు.

మరల అమరిక గురించి ధైర్యంగా రాయి. డెన్మార్క్‌లో కోపెన్‌హేగెన్ ఎదుట సముద్రంలో ఉన్న మిడెల్‌గ్రుండెన్‌లో ముందు అనుకున్నది మూడు వరసల్లో 27 మరలు. జనం అభిప్రాయాలు విన్నాక 2000లో ఒకే వంపు వరసలో 20 కట్టారు. తీరం నుంచి చూస్తే ఆ వంపుకు ఒక రూపం ఉంటుంది. మరోపక్క ఇంగ్లండ్‌లో డోర్సెట్ తీరం దగ్గరి నావిటస్ బే ప్రాజెక్టును 2015లో తిరస్కరించారు. ప్రపంచ వారసత్వ తీరం నుంచి కనిపించే దృశ్యం పాడవుతుందన్నది అందులో పెద్ద కారణం. ఆ రెండూ నీకు పాఠాలే.

ఇక నేల సంగతి. నా తొలి నివేదికలో సముద్రం వైపే చూశాను. లోపలి ఊళ్లో ఒక పెద్దావిడ "మరలు మాకు కనపడవు బాబూ, మా పొలాల మధ్య కట్టే ఆ సబ్‌స్టేషన్ సంగతేంటి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ అది గుర్తొస్తే బాధేస్తుంది. మరల నుంచి కరెంటు తెచ్చే కేబుల్ ఒడ్డుకు చేరే చోటు, అక్కడి నుంచి తవ్వే దారి, కొట్టేసే చెట్ల గట్లు, సబ్‌స్టేషన్ కంచె అన్నీ నడిచి చూడు. కేబుల్ దారి మీద మళ్లీ పంట పండుతుంది, సబ్‌స్టేషన్ మాత్రం దశాబ్దాలు ఉండిపోతుంది. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టకు.

చిత్తు రాశాక పంపు. సబ్‌స్టేషన్ అధ్యాయమే ముందు చదువుతాను.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న