సిమెంటు పోలిక తీసెయ్

చిరంజీవికి,

నీ వ్యాసం చదివాను. సంయోజక కణజాలంలో కణాల చుట్టూ ఉండే ప్రోటీన్ల అల్లికను, అంటే మాత్రికను, ఇటుకల మధ్య సిమెంటుతో పోల్చావు. ఆ పోలిక తీసెయ్. సిమెంటును బట్టి ఇటుక మారదు. కణం మాత్రం మాత్రికను బట్టి ఏ జన్యువును పనిచేయించాలో, దేన్ని ఆపాలో మార్చుకుంటుంది. నువ్వు రాయదలచుకున్నదే అది కదా, మొదటి పేరాలోనే దానికి గండి కొట్టుకున్నావు!

మృదులాస్థి కణాలతో మొదలుపెట్టు. వాటిని ప్లాస్టిక్ పళ్లెంలో పరిచి పెంచితే చదునుగా సాగిపోతాయి. మాత్రికలోని ముఖ్య ప్రోటీన్ కొల్లాజెన్. అందులో మృదులాస్థికి ప్రత్యేకమైన రెండో రకం తయారీ తగ్గి, ఒకటో రకం మొదలవుతుంది. అవే కణాలను అగరోజ్ జెల్‌లో ఉంచితే మళ్లీ గుండ్రంగా మారి రెండో రకానికి తిరిగొస్తాయి. ఇది 1982 నాటి ప్రయోగం. డీఎన్ఏ అదే, మారింది పరిసరమే. కానీ అగరోజ్‌లో మాత్రిక ప్రోటీన్లు లేవు. అంటే ఈ ప్రయోగం ఆకారం గురించి చెబుతుంది, ప్రోటీన్ల పాత్రకు వేరే ఆధారం చూపాలి. ఈ తేడా చెప్పకుండా దాటేస్తే, తెలిసిన పాఠకుడు అక్కడే ఆగిపోతాడు.

తర్వాత, "సంకేతం కేంద్రకానికి చేరుతుంది" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఎవరు పంపారు, ఎవరు అందుకున్నారు? మాత్రికలోని ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్‌లో ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లాలు వరుసగా ఉన్న చోటును కణపొరలోని ఇంటిగ్రిన్ అనే ప్రోటీన్ పట్టుకుంటుంది. లోపలి వైపు అది కణానికి ఆకారమిచ్చే యాక్టిన్ తంతువులతో ముడిపడి ఉంటుంది. మాత్రిక గట్టిగా ఉంటే ఆ తంతువులు బిగుస్తాయి. అప్పుడు యాప్, టాజ్ అనే ప్రోటీన్లు కేంద్రకంలోకి చేరి జన్యువులను ఉత్తేజపరుస్తాయి. ఈ సంగతి 2011లో వెల్లడైంది. ఇంత వివరం అక్కర్లేదనుకుంటే కనీసం ఇంటిగ్రిన్ దగ్గరైనా కాసేపు ఆగు.

నీ వ్యాసంలో అసలు లేనిది టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్. మాత్రికలో అది నిష్క్రియంగా దాగి ఉంటుంది. మాత్రికను తయారుచేసే ఫైబ్రోబ్లాస్ట్ కణం ఇంటిగ్రిన్‌లతో లాగినప్పుడు, మాత్రిక గట్టిగా ఉంటే, ఆ లాగుడుకు అది విడుదలవుతుంది. విడుదలైన టీజీఎఫ్-బీటా అదే కణంలో కొల్లాజెన్ జన్యువుల పని పెంచుతుంది. కొత్త కొల్లాజెన్ చేరి మాత్రిక ఇంకా గట్టిపడుతుంది, దాంతో టీజీఎఫ్-బీటా ఇంకా విడుదలవుతుంది. అవయవాలు గట్టిపడే ఫైబ్రోసిస్‌లో ఈ చక్రం ఆగకుండా తిరుగుతుంది. మాత్రిక, కేంద్రకం ఒకదాన్నొకటి మారుస్తాయని 1982లోనే జీవశాస్త్రవేత్త మీనా బిస్సెల్, ఆమె సహచరులు ప్రతిపాదించారు. వ్యాసంలో సగం ఈ చక్రానికే ఇవ్వమంటాను.

ఏ ఫలితం రాసినా కణాలను దేనిమీద పెంచారో రాయి. ప్లాస్టిక్ పళ్లెం మెత్తటి కణజాలాల కంటే లక్షల రెట్లు గట్టిది. దానిమీద చూసినదల్లా శరీరంలోనూ అంతే అని రాస్తే నమ్మలేం.

ఇంకొకటి, నీ బొమ్మలో ఇంటిగ్రిన్ పూర్తిగా కణం లోపలే ఉంది. పొరను దాటి రెండు వైపులా కనిపించేలా గీసి పంపు.

ఆశీస్సులతో.