అమ్మడూ, స్లాబ్ పడకముందే ఇది చదువు

అమ్మడూ,

కాకినాడలో ఇల్లు మొదలెట్టావని, లైట్లు, గేటు, నీళ్ల మోటారు అన్నీ ఫోన్లోంచే ఆడేలా చేయిస్తున్నావని మీ నాన్న చెప్తుంటే ఎంత గొప్పగా అనిపించిందో, ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. జీవితమంతా టెలిఫోన్ వైర్లతో గడిపిన పెదనాన్న ఒకడున్నాడని గుర్తు రాలేదా నీకు? సరే, తిట్టనులే.

మామూలువి ముందు చెప్పేస్తా. ప్రతి స్విచ్ బాక్సులోకీ న్యూట్రల్, అదే కరెంటు తిరిగెళ్లే వైరు, లాగించు, అది లేకపోతే చాలా స్మార్ట్ స్విచ్‌లు పనిచెయ్యవు. బల్బులూ ప్లగ్గులూ ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి, రూటర్లో అది ఆపెయ్యకు, ఛానెల్ 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టు. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డ్ ఆ రోజే మార్చెయ్, 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాం లక్షల కెమెరాల్లోకీ రూటర్లలోకీ దూరింది ఆ పాస్‌వర్డ్‌లతోనే. తలుపు లాక్‌కి మామూలు తాళంచెవి కూడా పట్టాలి, ఇది మాత్రం నామాట కాదనకు.

ఇక అసలు సంగతి, మీ నాన్నకి కూడా చెప్పలేదు.

ఇక్కడ నెల్లూరులో మా ఇల్లు కట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్ అడిగాడు, "సార్, కింద వెనక గదికి నెట్ వైరు కోసం ఇంకో పైపు వెయ్యమంటారా" అని. వైఫై గాల్లో కదయ్యా వచ్చేది, పైపెందుకు అన్నా. అదీ నా తెలివి! రూటర్ పైన నా గదిలో, నాయనమ్మ కింద వెనక గదిలో, మధ్యలో చువ్వలు నిండిన స్లాబ్. మెట్ల మలుపులో వైఫైని ముందుకి అందించే రిపీటర్ తగిలించి, ఆవిడ గదిలో కెమెరా పెట్టా, ఏడాది బాగానే నడిచింది. సంక్రాంతికి సున్నాలేయించినప్పుడు మీ పెద్దమ్మ ఇనపబీరువాని ఈ గోడ నుంచి ఆ గోడకి జరిపించింది, అది సరిగ్గా కెమెరాకీ రిపీటర్‌కీ అడ్డం పడింది, ఎవరికి తడుతుంది చెప్పు.

ఆ రాత్రి పదకొండున్నరకి పడుకోబోతూ ఫోన్లో చూశా. అమ్మ గోడవైపు తిరిగి, దుప్పటి చెవులదాకా లాక్కుని పడుకునుంది. హాయిగా లైటార్పేశా. తెల్లారి పాలకని కిందకెళ్లిన మీ పెద్దమ్మ కేక పెడితే పరిగెత్తా, బాత్రూం గడప దగ్గర పడిపోయుంది, తుంటి విరిగి, ఒళ్లంతా చల్లబడి. నేను చూసింది పదింటి బొమ్మ. కెమెరా కనెక్షన్ తెగి బొమ్మ అక్కడే ఆగిపోయింది, మూలన టైము 10:04 అని రాసే ఉంది, నేనే చూళ్లేదు. "పిలిచాన్రా, నీకు వినపడలేదులే" అంది అమ్మ, అంతే, ఇంకేం అనలేదు. తర్వాత కొలిస్తే అక్కడ సిగ్నల్ మైనస్ 82 డీబీఎం, మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ నీరసం.

అందుకే చెప్తున్నా, కదలని వస్తువు దేనికైనా వైరే. కెమెరాలకి, టీవీకి, ప్రతి అంతస్తు సీలింగుకి పెట్టే యాక్సెస్ పాయింట్‌కి, అదే వైఫై వదిలే డబ్బాకి, క్యాట్ 6 నెట్ వైరు లాగించు, 100 మీటర్ల దాకా ఆ వైరు బానే పనిచేస్తుంది, నీ ఇంట్లో అంత పొడుగెక్కడ, పీవోఈ స్విచ్ అనే నెట్ డబ్బా పెడితే కరెంటు కూడా అందులోంచే పోతుంది. కరెంటు వైర్ల పైపులో మాత్రం దూర్చనివ్వకు, విడిగా వేయించి ఖాళీ పైపుల్లో, తర్వాత వైరు లాక్కోడానికి, జీఐ ఇనప తీగ వదిలిపెట్టమను. స్లాబ్ పడితే మళ్లీ కుదరదే తల్లీ. వైఫై కొలిచేది ఖాళీ ఇంట్లో కాదు, బీరువాలు మంచాలు సర్దాక, తలుపులేసి, మీ నాన్న తలగడ దగ్గర కొలువు, మైనస్ 65 కన్నా దిగితే ఒప్పుకోకు. రూటర్‌తోపాటు ఫైబర్ బాక్సుకీ యూపీఎస్ పెట్టు, చాలామంది అది మర్చిపోతారు. కెమెరా ఆగిపోతే నీ ఫోన్ మోగాలి, అది ముందే పరీక్ష చేసి చూడు, ప్లగ్గు పీకేసి మరీ చూడు.

స్లాబ్ ఏ రోజో చెప్పు, ముందురోజే సర్కార్ రైలెక్కేస్తా, పైపులు నా కళ్లముందే పడాలి. పెద్దమ్మ మలై కాజా పంపిస్తానంటోంది, మీ నాన్నకి చూపించకు, షుగరు.

పెదనాన్న