గాలి నింపే ప్యాడిల్ బోర్డు: పాతిక వేలలో ఏది కొనాలి?

ప్రశ్న: సార్, పోయిన నెల చెన్నై దగ్గర కోవళంలో ఒక గంట సేపు ప్యాడిల్ బోర్డు మీద నిలబడి తెడ్డు వేశాను. అప్పట్నుంచీ ధ్యాసంతా దాని మీదే. గాలి నింపుకునే రకం కొందామని ఆన్‌లైన్‌లో చూస్తే పది వేలకూ ఉన్నాయి, అరవై వేలకూ ఉన్నాయి. ఫోటోల్లో అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. నా బరువు 78 కిలోలు, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. ఈత బాగానే వచ్చు. పాతిక వేలలో మంచిది వస్తుందా? — ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: వస్తుంది బాబూ. ముందు అద్దెకు ఎక్కి చూసి, ఆ తర్వాత కొనాలనుకున్నారు. సగం పని అక్కడే అయిపోయింది.

నేను పీఈటీగా రిటైరైన ఏడాది, ఎక్కి చూడకుండానే పదకొండు వేలకు ఒకటి తెప్పించాను. నిలబడగానే నడుమ కుంగిపోయింది. ముక్కూ తోకా పైకి లేచి పాదాల మీదికి నీళ్లొచ్చాయి. తర్వాత కొలిస్తే మందం 4 అంగుళాలే. రెండో ఎండాకాలానికి అంచు అతుకు కూడా ఊడింది. అందుకే ఎవరు అడిగినా రంగూ పేరూ పక్కనపెట్టి మందం చూడమంటాను. 6 అంగుళాలు ఉండాలి. మీ బరువుకు అంతకంటే తక్కువ వద్దు.

ఈ బోర్డు లోపల ఏముందో తెలిస్తే మిగతాది సులువు. పై పొరకూ కింది పొరకూ మధ్య వేలాది దారాలు నిలువుగా అల్లి ఉంటాయి. దాన్ని డ్రాప్ స్టిచ్ అంటారు. గాలి కొట్టేకొద్దీ రెండు పొరలూ ఎడంగా పోవాలని చూస్తాయి, దారాలు పోనివ్వవు. అందుకే లారీ ట్యూబులా గుండ్రంగా ఉబ్బకుండా బల్లలా చదునుగా బిగుసుకుంటుంది. సరిగ్గా గాలి పట్టిన బోర్డును వేలి మెటికతో కొట్టి చూడండి, తలుపు తట్టినట్టు టకటకమంటుంది. మెత్తగా బొద్దుమని వినిపిస్తే ఇంకా చాలలేదని అర్థం.

ఎక్కువ బోర్డులకు 12 నుంచి 15 పీఎస్ఐ గాలి కావాలి. కారు టైరులో పట్టేదాంట్లో దాదాపు సగం. కానీ ఇక్కడ కొట్టాల్సింది చేత్తో. మొదటి ఐదారు పీఎస్ఐ ఆడుతూ పాడుతూ ఎక్కుతుంది, చివరి నాలుగే భుజాలు లాగేస్తాయి. గేజి ముల్లు మొదట్లో అసలు కదలదు, పంపు పాడైందని టెన్షన్ పడకండి. కొట్టినప్పుడూ లాగినప్పుడూ రెండు వైపులా గాలి తోసే డబుల్ యాక్షన్ పంపు అయితే పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. బోర్డుతోపాటు ఏ పంపు ఇస్తున్నారో తప్పక అడగండి. 8 పీఎస్ఐ దగ్గరే చాలనిపించి చాలామంది ఆపేస్తారు. అప్పుడు మంచి బోర్డు కూడా వంగుతుంది.

కొలతల విషయానికొస్తే, 10 అడుగుల 6 అంగుళాల పొడవు, 32 లేదా 33 అంగుళాల వెడల్పు, గుండ్రటి ముక్కు ఉన్న ఆల్‌రౌండ్ రకం మీకు సరిపోతుంది. 30 అంగుళాలవి వేగంగా పోతాయి కానీ కొత్తవాళ్ల కాళ్లు వణుకుతాయి. మోసే బరువు 130 కిలోలని రాసి ఉంటే, అందులో మూడో వంతు తీసేసి లెక్కేసుకోండి. పిల్లవాణ్ణి ముందు కూర్చోబెట్టుకునే ఆలోచన ఉంటే ఆ బరువూ కలపండి. ఒకే పొర పీవీసీ కంటే, ఫ్యాక్టరీలోనే రెండో పొర అతికించిన రకం గట్టిది. ఫ్యూజన్ అని రాసేది దాన్నే. వారంటీలో అతుకులు కూడా ఉన్నాయా అని రాతపూర్వకంగా అడగండి.

కెమెరా బిగించే మరలకు, పడవలా వాడుకునే కుర్చీకి, కార్బన్ తెడ్డుకు ఇప్పుడు డబ్బు పెట్టకండి. అల్యూమినియం తెడ్డు బరువే, అయినా మొదటి ఏడాదికి చాలు. పొడవు మీ ఎత్తు కంటే 8 నుంచి 10 అంగుళాలు ఎక్కువగా సర్దుకోండి. తెడ్డు రెక్కకు ఉన్న వంపు ముందుకు ఉండాలి, వెనక్కి కాదు. దీన్ని తిప్పి పట్టుకోనివాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. మిగిలిన డబ్బుతో లైఫ్ జాకెట్, బోర్డునూ కాలినీ కలిపి కట్టే తాడు, అంటే లీష్ కొనండి. ఇవి రెండూ లేకుండా నీళ్లలోకి దిగొద్దు. పారే నీటిలో మాత్రం లీష్ చీలమండకు కట్టకండి, కొమ్మకు తగులుకుంటే విప్పుకోవడం కష్టం. నడుముకు కట్టి ఒక్క లాగుతో విడిపోయే రకం వేరే ఉంది.

ఎక్కడ వేస్తారన్నది అసలు చిక్కు. కల్యాణి డ్యామ్ నీళ్లు మన తాగునీళ్లు, అటు చూడకండి. ఊరి చెరువైతే పంచాయతీనీ, చేపలు పెంచుకునేవాళ్లనూ అడిగి దిగండి. వాళ్ల వలలో బోర్డు అడుగున ఉండే రెక్క (ఫిన్) చిక్కుకుంటే వాళ్లకూ నష్టం, మీకూ ప్రమాదం. పులికాట్ ఊరిస్తుంది కానీ అక్కడ పక్షుల రక్షిత ప్రాంతం ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా పోకూడదు. చలికాలం ఫ్లెమింగోలు మేతకు దిగిన చోట మన తెడ్డు చప్పుడు అక్కర్లేదు. ఎక్కడైనా సరే పొద్దున్నే, గాలి లేవకముందే దిగండి. ముందు గాలికి ఎదురు వెళ్లండి, అలిసిపోయాక ఆ గాలే ఒడ్డుకు తెస్తుంది. మన తూర్పు తీరంలో పడమటి గాలి వీచే పూట సముద్రంలో అసలు వద్దు, మనిషిని లోపలికి తోసుకుపోతుంది.

మన చెరువులు కార్తీకం వానలకు నిండి ఎండాకాలానికి అడుగంటుతాయి. అంటే బోర్డు ఏడాదిలో సగం ఇంట్లోనే ఉంటుంది. మంచినీళ్లతో కడిగి, నీడలో తడి లేకుండా ఆరబెట్టి, వదులుగా చుట్టి, ఎలుకలు రాని చోట పెట్టండి. గాలి నింపిన బోర్డును ఎండలో ఒడ్డున వదిలేస్తే లోపలి గాలి వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది. నా బోర్డు అతుకు ఊడింది అలాగే. టిఫిన్‌కు ఒడ్డెక్కినా సరే, రెండు మూడు పీఎస్ఐ వదిలి నీడకు లాగండి.

ప్రశ్న: నాకు ఈత రాదండీ. లైఫ్ జాకెట్ వేసుకుంటే బోర్డు ఎక్కవచ్చా? — ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ముందు ఈత నేర్చుకోండమ్మా. మా చిన్నప్పుడు నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి బావిలోకి దించేవాళ్లు. బుర్ర తేల్చింది కానీ నీళ్లంటే భయం పోయింది మాత్రం అది విప్పాకే. జాకెట్ కూడా అంతే. నెల రోజులు స్విమ్మింగ్ పూల్‌కి వెళ్లండి, వయసు అడ్డు కాదు. జాకెట్ కొనేటప్పుడు మీ బరువుకు తగినదేనా అని చూసి, బిగించుకున్నాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. గడ్డం దాకా లేచిందంటే అది వదులు. జాకెట్ తేల్చే శక్తిని న్యూటన్లలో రాస్తారు. 50 న్యూటన్లని రాసి ఉన్నవి ఈత వచ్చినవాళ్లకు. రానివాళ్లకు కనీసం 100 ఉండాలి.

ప్రశ్న: చెరువు కట్ట మీద కంపముల్లు గుచ్చుకుని బోర్డులో గాలి దిగిపోతోంది. సైకిల్ షాపులో పంక్చర్ వేయించవచ్చా? — ఒక పాఠకుడు, పిచ్చాటూరు

జవాబు: వద్దు. రబ్బరు ట్యూబుకు రాసే సొల్యూషన్ పీవీసీకి పట్టదు. బోర్డు నింపి సబ్బు నీళ్లు రాయండి, బుడగలు లేచిన చోట గుర్తు పెట్టుకోండి. గాలి తీసేసి, ఆ చోటు శుభ్రంగా తుడిచి, పీవీసీ గమ్‌తో పీవీసీ ముక్కే అతికించి, పైన బరువు పెట్టి ఒక రోజు ఆరనివ్వండి. ఇకపై ఒడ్డున పాత గోనెపట్టా పరిచి దాని మీదే గాలి నింపండి. నా కారు డిక్కీలో పంపు పక్కన అలాంటిది ఒకటి ఎప్పుడూ ఉంటుంది.