సొంత ఫ్యాషన్ లేబుల్ పెడతానంటోంది... ఏం చదివించాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. పాత చీరలతో కుర్తీలు కుట్టుకుంటుంది, దుపట్టాల మీద రంగులు వేస్తుంది, గుడ్డతో జుంకాలు చేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో చిన్న డిజైనర్ల వస్తువులన్నీ దాచుకుని ‘నేనూ ఇలాంటి బ్రాండే పెడతా’ అంటోంది. ఇంజినీరింగ్ వద్దంటోంది. దీంతో బతుకుతెరువు ఉంటుందా? - ఓ తల్లి, ఖమ్మం

జవాబు: ఉంటుందమ్మా. వేల వస్తువుల్లోంచి మంచిదాన్ని ఏరి పట్టుకునే చూపు మీ అమ్మాయికి ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. కాకపోతే ముచ్చటపడి దాచుకున్న ఆ కుర్తా ఎందుకంత బాగుందో, ఎందుకంత ధర పలుకుతోందో విప్పి చెప్పగలిగినప్పుడే లేబుల్ పెట్టే అర్హత వస్తుంది. ఢిల్లీలో 2008లో రా మ్యాంగో లేబుల్ మొదలుపెట్టిన సంజయ్ గర్గ్ చందేరి చీరలతో పేరు తెచ్చుకున్నారు. 2009లో పెరో లేబుల్ పెట్టిన అనీత్ అరోరా నిఫ్ట్‌ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ)లో, ఎన్ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ)లో చదివి చేనేత బట్ట మీద పనిచేశారు. మన హైదరాబాద్‌కు చెందిన గౌరంగ్ షా గుర్తింపంతా, మగ్గం మీదే చేత్తో నమూనా వేసే జామ్దానీ నేత నుంచి వచ్చింది. ముగ్గురూ బట్టను లోతుగా తెలుసుకున్నవాళ్లే. అందుకే మీ అమ్మాయికి ముందు బట్ట, తర్వాత కుట్టు, ఆపై బ్రాండ్ అనే వరుస చెబుతాను.

ఇంటర్ పరీక్షలయ్యాక ఈ పని చేయించండి. తను బాగా ఇష్టపడే చిన్న లేబుల్ కుర్తా ఒకటి కొనండి. దాన్ని తిరగేసి చూడమనండి. అంగుళానికి ఎన్ని కుట్లున్నాయి? మంచి కాటన్ కుర్తాకు పది, పన్నెండు ఉంటాయి; ఏడెనిమిదే ఉంటే పని తొందరగా ముగించారని అర్థం. లోపల కుట్టు మార్జిన్ ఎంత వదిలారు? అంచులు ఓవర్‌లాక్‌తో (పోగులు ఊడకుండా మెషీన్‌తో చుట్టే కుట్టు) సరిపెట్టారా, పోగు కనిపించకుండా మడిచి రెండోసారి కుట్టారా? పక్క కుట్టు దగ్గర గళ్లూ చారలూ కలిశాయా? ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని, కొలతలు తీసి, అదే కుర్తాను కోరా గుడ్డతో మూడుసార్లు కుట్టాలి. మొదటిసారి మెడ సాగుతుంది. గుండ్రంగా కత్తిరించినచోట బట్ట ఐమూలగా వస్తుంది కాబట్టి, కుట్టేలోపే లాగినట్టయి వదులవుతుంది. కత్తిరించగానే అంచు వెంట ఒక వరస కుట్టు వేసుకోవాలని అప్పుడు తెలుస్తుంది. ఊళ్లో మంచి కటింగ్ మాస్టర్ దగ్గర రెండు నెలలు కూర్చున్నా ఇదంతా వస్తుంది. అది నామోషీ అనుకోవద్దు.

రంగులు వేసే దుపట్టాలకూ ఓ మాట. కొత్త బట్టకు గంజి ఉంటుంది. ఉతక్కుండా రంగు వేస్తే అది గంజి మీదే నిలిచి, రెండు ఉతుకులకు రాలిపోతుంది. ముందు ఉతికి, ఆరబెట్టి, రంగు వేసి, అది పూర్తిగా ఆరాక వెనకవైపు నుంచి ఇస్త్రీ చేస్తేనే పడుతుంది. చేనేత కాటన్ అయితే 50 సెంటీమీటర్ల చదరం గీసి ఉతికి కొలవాలి. అది 48కి వస్తే నాలుగు శాతం కుదించుకుపోయినట్టు. 46 అంగుళాల కుర్తాలో దాదాపు రెండు అంగుళాలు పోతాయి. కొన్నవాళ్లు తిప్పి పంపే సరుకులో చాలాభాగం ఇలాంటి చిన్న పరీక్ష చేయకపోవడం వల్లే వస్తుంది.

ఇక చదువు. నిఫ్ట్‌లో బీడిజైన్ డిగ్రీ నాలుగేళ్లు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. ప్రవేశంలో క్రియేటివ్ ఎబిలిటీ టెస్టుకు 50 శాతం, జనరల్ ఎబిలిటీకి 30, ఇచ్చిన సామగ్రితో అక్కడికక్కడే ఓ నమూనా చేసి చూపించే సిచ్యుయేషన్ టెస్టుకు 20 శాతం వెయిటేజీ. హైదరాబాద్ క్యాంపస్ మాదాపూర్‌లో ఉంది. ఎన్ఐడీకి ప్రిలిమ్స్, మెయిన్స్ రెండు అంచెలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక ఎన్ఐడీ ఉంది. ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్‌కు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, కానీ అక్కడ వస్త్రం ప్రధానం కాదు. నిఫ్ట్‌లో అందరూ ఫ్యాషన్ డిజైన్ అడుగుతారు. మీ అమ్మాయి చేతిపని రంగు, నమూనాల చుట్టూ తిరుగుతోంది కాబట్టి నేనైతే టెక్స్‌టైల్ డిజైన్‌ను మొదట పెట్టమంటాను. జుంకాల మీదే మక్కువ ఎక్కువైతే యాక్సెసరీ డిజైన్. ఫీజు మాత్రం ముందే లెక్క చూసుకోండి, నిఫ్ట్‌లో హాస్టల్ కాకుండానే నాలుగేళ్లకు పది లక్షలు దాటుతుంది. అంత వీలుకాకపోతే వెంకటగిరి చేనేత సాంకేతిక సంస్థలో మూడేళ్ల డిప్లొమా ఉంది. మగ్గం, పడుగు (నిలువు దారాలు), అద్దకం చేత్తో నేర్పే చదువది. సొంత బట్ట నేయించుకోవాలనుకునే డిజైనర్‌కు అంతకంటే గట్టి పునాది దొరకదు.

డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఏదైనా చిన్న లేబుల్‌లో ఉద్యోగం చేయాలి. అక్కడే డబ్బు లెక్క తెలుస్తుంది. ఓ మంగళగిరి కాటన్ కుర్తా తీసుకుందాం. బట్ట రెండున్నర మీటర్లు, మీటరు 320 అనుకుంటే 800. లైనింగ్, గుండీలు, దారం 100. కటింగ్, కుట్టు 350. ట్యాగు, ప్యాకింగ్ 60. మొత్తం 1,310. పాడైనవి, నమూనాలకు పోయినవి కలిపి పది శాతం వేస్తే 1,440 దగ్గర పడుతుంది. 2,490కి అమ్మితే వెయ్యి లాభమని పిల్లలు సంబరపడతారు. అందులో అయిదు శాతం జీఎస్టీ తీసేస్తే 2,371. బొటిక్‌లో పెడితే వాళ్లు 35 శాతం తీసుకున్నారనుకోండి, 830 పోయి 1,541 మిగులుతుంది. అంటే చేతికొచ్చేది వంద రూపాయలు. ఆ కుర్తా నెలల తరబడి అమ్ముడుపోకపోతే అదీ లేదు.

ధర పెంచితే సరిపోతుందా అంటే, అక్కడో గోడ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను కలపకముందు ధర 2,500 దాకా ఉన్న దుస్తులకు 5 శాతం, ఆపైన 18 శాతం జీఎస్టీ. 2,500 పెడితే కొనేవాళ్లు 2,625 ఇస్తారు, 2,600 పెడితే 3,068 ఇవ్వాలి. మీకు వంద పెరగడానికి వాళ్లు 443 ఎక్కువ కట్టాలన్నమాట. కాబట్టి ఆ గోడకు బాగా ఇవతలే ఉండాలి, లేదా చేతిపని ఎంతో పెంచి బాగా అవతలికి దూకాలి. మధ్యలో నిలబడితే నష్టం. తొలి విడతలో రెండే డిజైన్లు, ఒక్కోదానికి పన్నెండు పీసులు చాలు: ఎస్ రెండు, ఎం నాలుగు, ఎల్ నాలుగు, ఎక్స్ఎల్ రెండు. మిగతాది సగం అడ్వాన్స్ తీసుకుని కుట్టివ్వడం మేలు. దారాలకే ముందు రంగు అద్ది నేసే ఇక్కత్ అయితే ఇంకా జాగ్రత్త. పడుగుకు రంగు అద్దాక నమూనా మార్చలేం, నేతన్న ఐదు మీటర్ల కోసం కొత్త పడుగు వేయడు. ఆ పడుగంతా కొనేందుకు సిద్ధపడే ఆర్డర్ ఇవ్వాలి. స్క్రీన్ ప్రింట్ వేసి పోచంపల్లి అని అమ్మడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది, నేతన్న నోటికాడి ముద్ద కూడా అది.

చట్టం సంగతి పిల్లలు చివరికి నెడతారు. లేబుల్ పేరుకు ట్రేడ్‌మార్క్ దుస్తులైతే 25వ వర్గం (క్లాస్ 25)లో తీసుకోవాలి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ప్రభుత్వ రుసుము 4,500. కొత్త డిజైన్ కాపీ కాకూడదనుకుంటే, ఇన్‌స్టాలో పెట్టకముందే డిజైన్ రిజిస్ట్రేషన్‌కు వేయాలి. ఒకసారి బయటపెట్టాక అది కొత్తది కాదని దరఖాస్తు తోసిపుచ్చొచ్చు. రిజిస్టర్ చేయదగిన డిజైన్‌ను అలాగే వదిలేసి యంత్రాలపై యాభైకి మించి తయారు చేస్తే కాపీరైట్ రక్షణ కూడా పోతుంది. ఇతర రాష్ట్రాలకు దుస్తులు అమ్మితే, టర్నోవరు తక్కువైనా సాధారణంగా జీఎస్టీ నంబరు కావాలి.

ఎంపీసీ వృథా అవుతుందని దిగులొద్దు. నిఫ్ట్‌లో దుస్తుల తయారీ నేర్పే బీఎఫ్‌టెక్ కోర్సుకు లెక్కలు తప్పనిసరి, అదీ మీ అమ్మాయికి తెరిచే ఉంటుంది. నోటిఫికేషన్లు ఏటా సెప్టెంబరు నుంచే చూస్తూ ఉండండి. ఈలోపు రోజూ ఓ గంట బొమ్మ గీయించండి: ఇంట్లో ఉన్న గ్లాసు, కుక్కర్, చెప్పు, ఏదైనా సరే, చూసి గీయాలి. డ్రాయింగ్ అలవాటు లేనివాళ్లు ప్రవేశ పరీక్షలో ఎక్కువగా తడబడేది అక్కడే.