సినిమా పాస్ బాగుందని షేర్లు కొన్నాను, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, హైస్కూల్లో చదివే అబ్బాయి ఉన్నాడు. 2018లో నెలకు ఇంత అని కట్టి థియేటర్లో సినిమాలు చూసే మూవీపాస్ కార్డు తీసుకుని తెలుగు, ఇంగ్లిష్ అని లేకుండా సినిమాలు తెగ చూశాం. ఇంత మంచి సర్వీసు కచ్చితంగా పైకొస్తుందని నమ్మి దాని మాతృసంస్థ షేర్లు ఫిబ్రవరిలో కొన్ని, ఏప్రిల్‌లో కొన్ని, మొత్తం 1,250 కొన్నాను. 4,800 డాలర్లు అయ్యాయి. ఇప్పుడు అకౌంట్‌లో 5 షేర్లే ఉన్నాయి, విలువ సున్నా అని చూపిస్తోంది. మా ఆవిడకు ఈ సంగతి పూర్తిగా తెలియదు. అలాంటిదే కొత్త స్టార్టప్ ఒకటి వచ్చిందని, ఏడాది ప్లాన్ తీసుకుని అందులో 2,000 డాలర్లు పెట్టుబడి కూడా పెట్టమని ఇప్పుడు ఒక ఫ్రెండ్ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు పాత షేర్ల సంగతి చూద్దాం, ఎందుకంటే దానికి గడువుంది, కొత్త స్టార్టప్‌ది ఆగినా పర్లేదు.

1,250 షేర్లు 5 ఎలా అయ్యాయని మీరు కంగారుపడి ఉంటారు. ఎవరూ కాజేయలేదు. మూవీపాస్‌ను కొన్న హీలియస్ అండ్ మాథెసన్ షేరు 2018 జులైకి తొమ్మిది సెంట్ల దాకా పడిపోయింది, అలాగే ఉంటే నాస్‌డాక్ నుంచి తీసేస్తారు, అందుకని 250 పాత షేర్లకు ఒక కొత్త షేరు చొప్పున రివర్స్ స్ప్లిట్ చేశారు. కాగితం మీద ధర ఒక్కసారిగా 20 డాలర్లు దాటింది, వారం పది రోజుల్లో మళ్లీ సెంట్లలోకి వచ్చేసింది. 2019 సెప్టెంబర్‌లో సర్వీసు ఆగిపోయింది, 2020 జనవరిలో కంపెనీ చాప్టర్ 7 దివాలాకి వెళ్లింది. చాప్టర్ 7 అంటే కంపెనీని నిలబెట్టే ప్రయత్నం కాదు, ఉన్నది అమ్మి అప్పులవాళ్లకు పంచేయడం. వాటాదారుల వంతు ఆఖరున వస్తుంది, అప్పటికి ఏమీ మిగలదు.

కానీ షేర్లు ఐదైనా మీరు పెట్టిన ఖర్చు మాత్రం 4,800 డాలర్లే, టాక్స్ లెక్కలో అది మారదు. షేరు విలువ పూర్తిగా పోతే, ఆ ఏడాది చివరి రోజున సున్నాకి అమ్మినట్టు లెక్కేసి క్యాపిటల్ లాస్‌గా, అంటే పెట్టుబడి మీద వచ్చిన నష్టంగా చూపించుకోవచ్చు. ఆ ఏడాది మీకు వేరే క్యాపిటల్ గెయిన్స్ (షేర్లు, ఆస్తులు అమ్మితే వచ్చిన లాభం) ఉంటే ముందు వాటిలోంచి పోతుంది, లేకపోతే జీతం ఆదాయంలోంచి ఏడాదికి 3,000 డాలర్ల వరకు తగ్గించుకోవచ్చు, మిగతా 1,800 తర్వాతి ఏడాదికి వెళ్తుంది. మీరు 22 శాతం శ్లాబులో ఉన్నారనుకుంటే మొత్తం మీద 1,056 డాలర్ల టాక్స్ కలిసొస్తుంది. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు కాబట్టి ఆ లెక్క అక్కడితో సరి.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడా అంటారేమో. మామూలుగా పాత రిటర్న్ సవరించి రీఫండ్ అడగడానికి మూడేళ్లే టైమ్ ఉంటుంది, కానీ విలువ పూర్తిగా పోయిన షేర్లకు చట్టం ఏడేళ్లు ఇచ్చింది. చాలామందికి ఈ ఏడేళ్ల సంగతి తెలియక వదిలేస్తారు, అదే నాకు బాధ. చిక్కు ఒక్కటే, నష్టం ఏ ఏడాదిదో మనకు నచ్చినట్టు ఎంచుకోవడానికి లేదు. దివాలా 2020లో కాబట్టి 2020 అని చెప్పుకోవచ్చు, పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వాళ్లు కాదు, 2019లోనే పోయిందంటే గడువు కూడా ఒక ఏడాది ముందే అయిపోతుంది. అందుకే 2020 రిటర్న్ గడువు 2021లో, ఏడేళ్లంటే 2028 వరకు ఉంది కదా అని కూర్చోకుండా 2027 ఏప్రిల్ 15 లోపే పని పూర్తయ్యేలా చూసుకోండి. మీ బ్రోకరేజ్ వాళ్లు ఆ ఐదు షేర్లూ ఇప్పుడు నామమాత్రపు ధరకు తీసుకుంటామని అనొచ్చు. సులువుగా అయిపోతుందని వెంటనే ఒప్పుకోకండి, ముందు సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంట్‌ని) అడగండి.

ఇక కొత్త స్టార్టప్. దీనికి జవాబు పాత కథలోనే ఉంది.

మూవీపాస్ 2011లో మొదలైంది, అప్పట్లో నెలకు బాగానే వసూలు చేసేవాళ్లు, చందాదారులూ తక్కువే. 2017 ఆగస్టులో రేటు 9.95 డాలర్లకు దించి రోజుకో సినిమా చూసుకోమన్నారు. ఆ ఏడాది అమెరికాలో సగటు టికెట్ ధర 8.97 డాలర్లు. కంపెనీ మాత్రం మీ చేతిలోని డెబిట్ కార్డు ద్వారా థియేటర్‌కి పూర్తి టికెట్ ధర కట్టేది, చాలావరకు డిస్కౌంట్ లేకుండానే. అంటే మీరు నెలలో రెండో సినిమాకి వెళ్లగానే మీ మీద నష్టం మొదలు, పెద్ద ఊళ్లలో అయితే మొదటి సినిమాకే. జిమ్‌లో చేరినవాళ్లలాగే చాలామంది డబ్బు కట్టి రారులే అని ఒక ఆశ, మీరు ఎక్కడికి వెళ్తారో ఏం చూస్తారో ఆ డేటాతో సంపాదించొచ్చని ఇంకో ఆశ, థియేటర్లు పాప్‌కార్న్ లాభంలో వాటా ఇస్తాయని మూడో ఆశ. పెద్ద చైన్ ఏఎంసీ మొదటి రోజు నుంచే మా దగ్గర కుదరదంది. జనం మాత్రం వచ్చారు, 2018 జూన్‌కి 30 లక్షల మంది.

మీరు రెండో విడత కొన్న ఏప్రిల్ 2018నే చూడండి. అదే నెలలో వచ్చిన వార్షిక నివేదికలో ఈ కంపెనీ కొనసాగుతుందా అన్నది గట్టి అనుమానమేనని ఆడిటర్ రాశారు. మే మొదట్లో కంపెనీయే షేర్ మార్కెట్‌ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎస్‌ఈసీకి చెప్పింది, సగటున నెలకు 2.17 కోట్ల డాలర్లు లోటు పడుతోంది, చేతిలో ఉన్న నగదు 1.55 కోట్లు అని. కార్డుల మీద వసూలై ఇంకా చేతికి రాని ఇంకో 2.79 కోట్లు కలిపినా రెండు నెలలకు సరిపోతాయి, అంతే. ఆ లోటు పూడ్చడానికి కొత్త షేర్లు అమ్ముతూ పోయారు, అమ్మిన ప్రతిసారీ మీ వాటా పలచబడింది. మీరు అంత తక్కువకు చూసిన సినిమాల టికెట్ల డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందంటే మీలాంటి వాటాదారుల దగ్గర నుంచే. కార్డు వాడే మనిషిగా మీకు ఏది సంతోషమో, షేరు కొన్న మనిషిగా అదే మీకు నష్టం. ఈ రెండూ ఒకేసారి కావడం ఎంత చిక్కో మీ అకౌంటే చెప్తోంది.

డబ్బు అయిపోతున్నప్పుడు కంపెనీ ఏం చేస్తుందో కూడా తెలుసుకోండి. ఎక్కువ సినిమాలు చూసే 75,000 మంది పాస్‌వర్డ్‌లను అనుమానాస్పద వాడకం అనే సాకుతో చెల్లకుండా చేశారని 2021లో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. మాతృసంస్థ సీఈఓ టెడ్ ఫార్న్స్‌వర్త్, మూవీపాస్ సీఈఓ మిచ్ లో ఇద్దరూ పెట్టుబడిదారుల్ని మోసం చేసిన కేసులో తర్వాత నేరం ఒప్పుకున్నారు.

కాబట్టి ఆ 2,000 డాలర్లు పెట్టకండి. మీ ఫ్రెండ్‌ని మాత్రం ఒక్క మాట అడగండి, ఈ స్టార్టప్ థియేటర్‌కి టికెట్ ఎంతకు కొంటోంది? పూర్తి ధరకే అయితే ఇంకేమీ చదవక్కర్లేదు. డిస్కౌంట్ ఉందంటే, క్రౌడ్‌ఫండింగ్ (ఆన్‌లైన్‌లో చాలామంది దగ్గర కొద్దికొద్దిగా పెట్టుబడి తీసుకోవడం) అయితే ఎస్‌ఈసీకి ఇచ్చిన ఫామ్ సి అనే వివరాల పత్రం ఉంటుంది, అందులో చేతిలో నగదు ఎంత, నెలకు ఖర్చు ఎంత అన్నది చూడండి. అలా కొన్న వాటాని మామూలుగా మొదటి ఏడాది అమ్మడానికి ఉండదు, తర్వాతైనా కొనేవాడు దొరకాలి. అబ్బాయి కాలేజీకి ఇంకెంతో కాలం లేదు, ఆ డబ్బు అతని 529 ఖాతాలో (చదువు కోసం దాచుకునే ఖాతా) వేయండి.

ఏడాది ప్లాన్ కూడా వద్దు. మూవీపాస్ వాళ్లు 2017 నవంబర్‌లో 89.95 డాలర్లకు ఏడాది ప్లాన్ అమ్మారు, తీరా 2018 ఆగస్టులో వాళ్లందర్నీ నెలకు మూడు సినిమాల ప్లాన్‌లోకి మార్చేశారు. ముందే కట్టేశాక మన చేతిలో ఏముంటుంది?

సినిమాలు మానమని మాత్రం నేను చెప్పను. థియేటర్లు సొంతంగా నడిపే పథకాలు వేరే లెక్క, ఎందుకంటే వాళ్లు ఎలాగూ ఖాళీగా ఉండే తమ సీటునే అమ్ముతున్నారు, డిస్ట్రిబ్యూటర్ వాటా ఇచ్చినా పాప్‌కార్న్ లాభం వాళ్లదే. మీ పక్కనే ప్లేనోలో ఆఫీసున్న సినిమార్క్ 2017 డిసెంబర్‌లో నెలకు 8.99 డాలర్లకు ఒక టికెట్ ఇచ్చే క్లబ్ పెట్టింది, వాడని టికెట్ తర్వాతి నెలకు వెళ్తుంది. అందులో మూవీపాస్ లాంటి ఆకర్షణ లేదు, ఇప్పటికీ నడుస్తోంది. ఏఎంసీ 2018 జూన్‌లో 19.95కి వారానికి మూడు సినిమాల ఎ-లిస్ట్ తెచ్చింది, అదీ నడుస్తోంది, రేటు మాత్రం మారింది. మీ ఇంట్లో నెలకు ఎన్ని సినిమాలు చూస్తున్నారో గడిచిన ఆరు నెలల కార్డు స్టేట్‌మెంట్ తీసి చూడండి. నెలకు రెండు దాటకపోతే పెద్ద ప్లాన్ దండగ. తెలుగు ప్రీమియర్లకి, స్పెషల్ షోలకి ప్లాన్ పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోండి, మీ అసలు ఖర్చంతా అక్కడే ఉండి ఉంటుంది.

సీపీఏ దగ్గరికి వెళ్లేటప్పుడు 2018లో షేర్లు కొన్న కన్ఫర్మేషన్లు, రివర్స్ స్ప్లిట్ కనిపించే స్టేట్‌మెంట్, 2019 నుంచి 2021 వరకు రిటర్న్‌ల కాపీలు పట్టుకెళ్లండి. మీరు జాయింట్‌గా ఫైల్ చేసి ఉంటే సవరణ ఫామ్ మీద మీ ఆవిడ సంతకం కూడా కావాలి, కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకోకముందే 4,800 సంగతి ఆమెకు మొత్తం చెప్పేయండి. తిరిగొచ్చే వెయ్యి డాలర్ల లెక్క కూడా అప్పుడే చూపించండి.