సందాక్‌గా తాతగారా, మామగారా?

ప్రశ్న: పెళ్లికి ముందే యూదు మతం తీసుకున్నాను. న్యూజెర్సీలో ఉంటాం. నాకిప్పుడు నెలలు నిండాయి, పుట్టేది బాబు. సున్తీ వేడుకలో సందాక్‌గా కూర్చోవాలని మామగారికీ, ఆయన తండ్రికీ కోరిక. పిల్లల్లేని మా ఆడపడుచును క్వాటరిన్‌గా (తల్లి దగ్గర్నుంచి బిడ్డను తీసుకునే స్త్రీగా) పెట్టాలని అత్తగారి పట్టు. విజయవాడ నుంచి వచ్చే మా అమ్మానాన్నలకు ఏ పని ఇవ్వాలి?

జవాబు: మోహెల్ సున్తీ చేస్తున్నంతసేపూ బిడ్డను ఒళ్లో పట్టుకునేది సందాకే. వేడుకలో అన్నిటికన్నా పెద్ద గౌరవం అది, ఇద్దరూ ఆశపడటం సహజం. పని మాత్రం తేలిక కాదు. ఒళ్లో దిండు, కాళ్ల కింద పీట వేసుకుని, బిడ్డ కాళ్లు కదలకుండా గట్టిగా పట్టుకోవాలి. పెద్దాయన చేతులు వణుకుతుంటే మోహెల్‌కు ముందే చెప్పండి, సాయానికి మరొకరిని ఉంచుకోవచ్చు.

నన్నడిగితే మీవారి తాతగారినే కూర్చోబెట్టండి. సున్తీ అయ్యాక ఆశీర్వచనాలు చదివి పేరు పెట్టేటప్పుడు బిడ్డను ఎత్తుకుని నిలబడే గౌరవం మామగారికివ్వండి. ఒకే ఇంటి పిల్లలకు ఒకరినే రెండుసార్లు సందాక్‌గా పెట్టకూడదని 16వ శతాబ్దంలో పోలాండ్‌లోని క్రాకోవ్ రబ్బీ (యూదు మతగురువు) మోషే ఇస్సెర్లిస్ రాసిన ఆచారాన్ని చాలామంది అష్కెనాజీలు (మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న యూదులు) పాటిస్తారు. అలాగని "వచ్చేసారి మీరే" అని ఇప్పుడే మాటివ్వకండి. ఈ సంగతి మామగారికి మీవారే ఎదురుగా కూర్చుని చెప్పాలి, మీరు కాదు.

ఆడపడుచు విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. క్వాటరిన్ తల్లి చేతుల్లోంచి బిడ్డను తీసుకుని తన భర్తకు అందిస్తుంది, ఆయన లోపలికి తెస్తాడు. ఇలా చేస్తే సంతానం కలుగుతుందని నమ్మకం. కొందరు ఆ అవకాశం కోసం ఎదురుచూస్తారు. ఇంకొందరికి అందరి కళ్లూ తమ మీదే ఉన్నట్టు నరకంగా ఉంటుంది. అత్తగారి ద్వారా కాకుండా మీరే ఒంటరిగా అడగండి, "వద్దన్నా ఏమీ అనుకోను" అని కూడా చెప్పండి. ఒప్పుకుంటే కారణం ఎవరి ముందూ ఎత్తకండి. వద్దంటే, ఏలీయా ప్రవక్త పేరిట వేసే కుర్చీలో బిడ్డను ఉంచే గౌరవం ఆమె భర్తకివ్వొచ్చు.

ఆచారపు పనులు చాలాచోట్ల యూదులకే ఇస్తారు, మీ రబ్బీని అడగండి. ఏదేమైనా ఆ వేళ అమ్మ మీ పక్కనే ఉండాలి, మీకు ఆ తోడు అవసరం. విందులో నాన్న తెలుగులోనే నాలుగు మాటలు మాట్లాడవచ్చు. హాలు కోషర్ (యూదుల ఆహార నియమాలు పాటించేది) అయితే ఇంట్లో వండిన పులిహోర కూడా లోపలికి రానివ్వరు. అమ్మ చింతపండు నానబెట్టకముందే చెప్పండి.

పుట్టిన రోజుతో కలిపి ఎనిమిదో రోజున సున్తీ చేస్తారు. సూర్యాస్తమయం దాటి పుడితే మర్నాటి నుంచి లెక్క. బిడ్డకు పచ్చకామెర్లు ఉంటే వాయిదా పడొచ్చు, అందుకే అమ్మానాన్నల తిరుగు టికెట్లు తేదీ మార్చుకునేలా తీయించండి.